ఖాళీ లైను ఎవరిది?

"మీ బోర్డు ఒక లైను చూపిస్తోంది, ఒక లైను మింగేస్తోంది. దానికి మీ ఇంట్లో తిండి పెట్టకుండా పంపారా?"

నాటకాల హాల్లో పైనున్న అద్దాల గది తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయిని చూసి ఇంజినీరు కుర్చీలోంచి సగం లేచాడు. మిగతా సగం లేవలేకపోయాడు. హెడ్‌ఫోన్ తీగ మెడకు చుట్టుకుంది.

"ఎవరండీ మీరు?"

"స్టేజీ పక్కన తెర చాటున కూర్చుని నటుల మాటలు బోర్డు మీద పడేలా మీరిచ్చిన బటను నొక్కుతున్నదాన్ని. నొక్కితే లైను వస్తోంది. మళ్లీ నొక్కితే చీకటి. మళ్లీ నొక్కితే లైను. అక్కడ తండ్రి పోయి హీరో భోరున ఏడుస్తుంటే, బోర్డు మీద ఇంకా 'కాఫీ తాగుతావా నాన్నా' అనే ఉంది!"

ఇంజినీరుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆపుకున్న సంగతి ఆమెకు తెలిసిపోయింది.

"నవ్వండి, నవ్వండి. మీకేం! అద్దం వెనకాల ఏసీలో కూర్చున్నారు."

ఆ నాటకాల హాల్లో అందరూ ఆమెను గుసగుస అంటారు. నటులు మాట మరిచిపోతే తెర చాటునుంచి అందించడం ఆమె పని. ఆమె గుసగుస నటుడి చెవికి అందుతుంది గానీ ముందు వరుసలో ఉన్నవాడికి వినపడదు. తెర చాటునుంచి బయటికొస్తే మాత్రం వేరే మనిషి. ఒక్కో అక్షరాన్నీ పెదాలతో చెక్కి పెట్టినట్టు మాట్లాడుతుంది. ఆ చెక్కడం చూస్తూ కూర్చుంటే మాటల అర్థం జారిపోతుంది. ఇంజినీరుకు అప్పుడు జరిగింది అదే.

"వింటున్నారా?"

"ఆఁ... వింటున్నానండి. మాటలన్నీ ఏ కంప్యూటర్లో టైపు చేశారు?"

"మా పాత ల్యాప్‌టాప్‌లో. విండోస్."

"అదీ సంగతి! నాది లినక్స్."

"అయితే? రెండింటికీ మాటల్లేవా?"

ఇంజినీరుకు హుషారొచ్చింది. తనకు బాగా తెలిసిన విషయం ఒక అందమైన అమ్మాయి తనంతట తాను అడగడం అతని జీవితంలో అదే మొదలు.

"లైను అయిపోయిందని చెప్పడానికి, మనకు కనపడని గుర్తు ఒకటుంటుందండి. మీ విండోస్ రెండు గుర్తులు పెడుతుంది. ఒకటి 'మళ్లీ మొదటికి రా' అని, రెండోది 'ఒక వరుస కిందికి దిగు' అని. పాతకాలం టైపు మిషను మీద అవి రెండు వేరు వేరు పనులు. ఆ అలవాటే మిగిలిపోయింది. మా లినక్స్ 'దిగు' అని ఒక్కటే పెడుతుంది. దిగినవాడు మొదటికి రాక ఎక్కడికి పోతాడని దాని ధీమా."

"మరి మీ బోర్డుకేం వచ్చింది?"

"నా ప్రోగ్రాం ఏ గుర్తు కనపడినా ఒక లైను అయిపోయిందనుకుంటుంది. మీ ఫైల్లో ప్రతి లైనుకీ రెండున్నాయి కదా! మొదటి గుర్తుకు మీ మాట అయిపోతుంది. రెండో గుర్తుకు ఇంకో లైను అయిందనుకుంటుంది. అందులో ఏమీ ఉండదు. అదే మీరు చూసిన చీకటి."

"అంటే తప్పు నా ల్యాప్‌టాప్‌దా, మీ ప్రోగ్రాందా?"

"ఎవరిదీ కాదండి. ఎవరి అలవాటు వాళ్లది."

"ఆహా! తప్పు తనదైనప్పుడు మా హీరో కూడా అచ్చం ఇలాగే అంటాడు."

"చిటికెలో పని. రేపటికల్లా బాగుచేసేస్తాను."

ఆమె తలుపు మూసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ గదిలోంచి మాట బయటికి పోదు. ఆ ధైర్యంతో ఇంజినీరు పైకే అనేశాడు.

"కోపంలో కూడా ఎంత బాగుందిరా బాబూ!"

కింద స్టేజీ మీద వడ్రంగి మేస్త్రి ఒక్కడే మెట్లకు మేకులు కొడుతున్నాడు. తలెత్తి దీపాలు వెలుగుతున్న అద్దాల గదివైపు ఒకసారి చూశాడు. పెదాల మధ్య పెట్టుకున్న మేకుల్లోంచి ఇంకొకటి తీసుకుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

*

నిజంగానే చిటికెలో అయిపోయింది. ఖాళీ లైను కనపడితే వదిలేసి ముందుకు పొమ్మని ప్రోగ్రాంకు చెప్పాడు. తనకు తోచిన నాలుగు మాటలు టైపు చేసి చూసుకున్నాడు. బోర్డు గడగడా పాఠం అప్పజెప్పింది. ఇంజినీరు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. వాళ్లమ్మకు రోజూ ఫోన్ చేస్తాడు, ఏ రోజు పని ఆ రోజు చెబుతాడు.

"ఏరా, ఇంత చదివి నాటకాల్లో బోర్డులు కడుతున్నావా?"

"కట్టడం కాదమ్మా. చెవులు వినపడనివాళ్ల కోసం మాటలన్నీ బోర్డు మీద వచ్చేలా..."

"మంచి పనే. తిన్నావా?"

"తిన్నా. అక్కడ ఒకమ్మాయి ఫైలు ఇచ్చిందమ్మా. ప్రతి లైను చివర రెండు గుర్తులు..."

"ఎలా ఉంటుందిరా?"

"ఫైలా?"

"నీ మొహం! అమ్మాయి."

ఇంజినీరు సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాడు.

*

మర్నాడు వాన. ఊరికే కురవడం కాదు, ఎవరో బిందెలు బోర్లించినట్టు కురిసింది. గుసగుస అద్దాల గది ముందుకొచ్చి వేలితో పిలిచింది.

"రండి, మేఘం మొయ్యాలి."

"ఏం మొయ్యాలి?"

"మేఘం. ప్లైవుడ్‌ది. వీధి చివర షెడ్డులో ఉంది. నేనొక్కదాన్నే ఎత్తలేను, మిగతావాళ్లంతా రిహార్సల్లో ఉన్నారు."

మేఘం ఇద్దరు మనుషులంత పొడుగుంది. చెరోవైపు పట్టుకుని నెత్తిమీదికి ఎత్తారు. వీధంతా తడిసిపోతుంటే వాళ్లిద్దరూ మాత్రం మేఘం కింద పొడిగా నడిచారు. ఎదురొచ్చిన ఒకాయన గొడుగు పక్కకు వంచి మరీ చూశాడు.

"మేఘం కింద ఉండి తడవకుండా ఉన్నవాళ్లం మనమేనేమో," అన్నాడు ఇంజినీరు.

"కవిత్వం తర్వాత. మీవైపు వంగిపోతోంది, పైకెత్తండి! రంగు కారిందంటే నాన్న ఊరుకోడు."

"నాన్నా?"

"మేస్త్రి మా నాన్నే. మీకు తెలీదా?"

తెలీదు. ఇంజినీరు తనవైపు అంచును ఇంకాస్త పైకెత్తాడు.

"రంపం మిషను దగ్గరే ఆయన జీవితమంతా గడిచింది. ఆ రొదకే చెవులు పోయాయి," అంది గుసగుస. "ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి ఒక్క మాట పొల్లుపోకుండా పట్టేస్తాడు. అందుకే మేమిద్దరం ఇలా నోరు తిప్పి మాట్లాడతాం. కానీ నాటకంలో కుదరదుగా! ఒకడు అటు తిరుగుతాడు, ఒకడికి గడ్డం, ఒకడు మొహం మీద చేతులు పెట్టుకుని ఏడుస్తాడు. ఈ హాల్లో మా నాన్న చెయ్యని సెట్టు లేదు, కథ తెలిసి చూసిన నాటకం ఒక్కటి కూడా లేదు."

వానచప్పుడు మేఘం మీద టపటపలాడింది.

"అందుకే మేనేజరు చుట్టూ తిరిగి తిరిగి ఈ బోర్డు పెట్టించాను. మొదటి ఆట చూస్తాడట. జనం చిరాకు పడితే మర్నాడే దించేస్తానన్నాడు. ఆ ఆటకు నాన్న ముందు వరుసలో కూర్చుంటాడు. చొక్కా కూడా ఇస్త్రీ చేసుకుని పెట్టుకున్నాడు." ఆమె కొంచెం ఆగింది. "నటులు ఊపిరి తీసుకునే చోట బోర్డు కూడా వాళ్లతోపాటు ఆగాలి. వాళ్లని చూసి చూసి అవన్నీ ఫైల్లో పెట్టాను. చూశారుగా?"

సరిగ్గా అప్పుడే మేఘం అంచునుంచి ఒక చినుకు జారి ఆమె కనురెప్ప మీద నిలిచింది. ఇంజినీరు దాన్నే చూస్తున్నాడు.

"చూశానండి," అన్నాడు.

ఆ రోజునుంచి అద్దాల గదిలో ఇంకో రిహార్సలు మొదలైంది.

"మీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు కంప్యూటర్ తెరతో. బాగాలేదు, అప్పు అడుగుతున్నట్టుంది. "మీకు అభ్యంతరం లేకపోతే..." అన్నాడు. ఆఫీసులో పెట్టుకునే సెలవు అర్జీలా ఉంది. చివరికి కళ్లు మూసుకుని "నువ్వంటే నాకు ప్రాణం!" అని గట్టిగా అనేశాడు.

కింద మేఘానికి మళ్లీ రంగు వేస్తున్న మేస్త్రి చేతిలో కుంచె జారి డబ్బాలో పడింది.

*

ఆట ముందురోజు వేషాలతో పూర్తి రిహార్సలు. మేనేజరు ముందు వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మొదటి సీన్లన్నీ గలగలా మాటలే. బోర్డు తడబడకుండా పరుగులు తీసింది. అద్దాల గదిలో ఇంజినీరు కూడా కాళ్లు చాపుకున్నాడు.

ఆఖరి సీను వచ్చింది. విడిపోయిన మొగుడూ పెళ్లాలు ఎన్నాళ్లకో కలుసుకున్నారు. ఆవిడ సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఉండిపోతావా?" అన్నాడతను.

ఆవిడ వెంటనే జవాబు చెప్పదు. కిటికీ దాకా వెళుతుంది. వెనక్కి వస్తుంది. సంచి కింద పెడుతుంది. ఆ తర్వాతే అసలు మాట. హాలంతా ఊపిరి బిగబట్టాల్సిన చోటు అదే. తెర చాటున గుసగుస బటను నొక్కింది.

బోర్డు మీద ఠపీమని పడింది: 'ఉంటాను.'

ఆవిడ ఇంకా కిటికీ దగ్గరికైనా చేరలేదు.

మేనేజరు పకపకా నవ్వాడు. "జవాబు ముందే చెప్పేశాక ఇంక ఆవిడ నడవడం దేనికి?"

నటి సంచిని కిందపడేసింది. "నేను చెప్పకముందే నా మాట చెప్పడానికి ఆ బోర్డెవరు? నా మొగుడా?"

గుసగుస మెట్లెక్కి వచ్చింది. ఈసారి తలుపు తొయ్యలేదు. మెల్లగా తీసింది. అది ఇంకా భయంగా ఉంది.

"అక్కడ నేను ఒక ఖాళీ లైను పెట్టాను. ఏమైంది?"

"ఖాళీ లైన్లన్నీ... తీసేయించానండి. మీ విండోస్ వల్ల వచ్చిన చెత్త అనుకున్నా."

"చెత్తా?"

"అంటే, ఖాళీగా ఉంది కదా అని..."

"ఆ సీను ఆవిడ చేసిన ప్రతిసారీ తెర చాటునుంచి ఊపిరితో సహా చూసి పెట్టానండి ఆ ఖాళీలు. వాన రోజు మీకు చెప్పాను కూడా. చూశానన్నారు."

ఇంజినీరు చూసింది చినుకుని. ఆ మాట చెప్పే ధైర్యం లేదు.

"ఏది కంప్యూటర్ పెట్టిందో, ఏది నేను పెట్టిందో ఒక్కమాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" ఆమె గొంతు గుసగుసగా మారింది. "రేపు నాన్నని రావద్దని చెప్తాను. మాట తెలియకుండా చూడడం ఆయనకి అలవాటే. కానీ ఆ బోర్డుని నమ్మి, అందరికంటే ముందు ఒక్కడే నవ్వాడనుకోండి, హాలంతా తిరిగి ఆయన్ని చూస్తుంది. అది నావల్ల కాదు."

తలుపు మెల్లగా మూసుకుంది. ఇంజినీరు ఆమె ఫైలు తెరిచి మొదటి లైనునుంచి చదవడం మొదలుపెట్టాడు.

*

తెల్లారి ఆమె వచ్చేసరికి తెర చాటున, ఆమె స్టూలు పక్కన, మేస్త్రి పనిముట్ల పెట్టె మీద అతను కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంప్యూటరు.

అతనే మొదలుపెట్టాడు.

"ముందు నేను చేసింది బద్ధకపు పని. ఇప్పుడు సరిచేశాను. 'మొదటికి రా', 'కిందికి దిగు' ఈ రెండు గుర్తులూ పక్కపక్కన కనపడితే రెండుగా చూడొద్దు, జంటగా ఒక్కటే అనుకో అని చెప్పాను. ఒంటరిగా కనపడితే ఒంటరిగానే లెక్క. ఇప్పుడు విండోస్ వల్ల పుట్టిన ఖాళీ ఒక్కటి కూడా రాదు. ఇంకా ఏదైనా ఖాళీ మిగిలిందంటే అది మీరు పెట్టిందే."

"చెప్పారుగా. సంతోషం."

"అలా నమ్మేయకండి. నేనూ నా నాలుగు మాటలు చూసుకునే నమ్మాను. మీరే ఒక్కొక్కటీ చూడండి. ఏది మీదో మీరు చెబితేనే ఉంచుతాను."

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఇది నాది. అక్కడ ఆవిడ గ్లాసు కింద పెడుతుంది."

"సరే."

"ఇదీ నాదే. ఇక్కడ అతను అడగబోయి మానేస్తాడు."

"మానేసినట్టు మీకెలా తెలుసు?"

"భుజం చెబుతుంది. మీలాంటివాళ్లకు కనపడదులెండి." తర్వాతి ఖాళీ దగ్గర ఆమె వేలు ఆగింది. "ఇది... ఇక్కడేం లేదే. టైపు చేస్తుంటే చెయ్యి జారినట్టుంది."

"అంటే చెత్త!"

"ఒక్కటి! ఒక్కటి దొరికిందని ఎగరకండి."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. స్టేజీ మీద మెట్లు సరిచూస్తున్న మేస్త్రి వాళ్లను చూసి తల అటు తిప్పుకున్నాడు. ఆఖరి సీనులో పెద్ద ఖాళీ దగ్గరికి వచ్చాక ఆమె బటను నొక్కి చూసింది. బోర్డు చీకటైంది. చీకటిగానే ఉండిపోయింది. మళ్లీ నొక్కితేగానీ 'ఉంటాను' రాలేదు.

"చొక్కా ఇస్త్రీ ఇంకా చెడలేదనుకుంటా," అంది ఆమె లేస్తూ. "నాన్నని రమ్మంటాను."

*

సాయంత్రానికి హాలు నిండింది. మేస్త్రి ముందు వరుసలో, ఇస్త్రీ చొక్కాలో, పరీక్ష రాయడానికొచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. మొదట బోర్డునే చూశాడు. తర్వాత బోర్డునీ మనుషుల్నీ చూశాడు. ఒక జోకుకి హాలంతా నవ్వినప్పుడు తనూ వాళ్లతోపాటే నవ్వి, తనే ఆశ్చర్యపోయి పక్కవాళ్ల మొహాలు చూశాడు.

అద్దాల గదిలో ఇంజినీరు స్టేజీని చూడడం మానేసి ఆ ఒక్క మనిషినే చూస్తున్నాడు.

"ఉండిపోతావా?"

బోర్డు చీకటైంది.

ఆవిడ కిటికీ దాకా నడిచింది. హాల్లో ఎవరూ దగ్గలేదు. మేస్త్రి చీకటి బోర్డు వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి, కదలకుండా కూర్చున్న జనమందరినీ చూశాడు. మళ్లీ ముందుకు తిరిగేసరికి ఆయన కళ్లు తళుక్కుమన్నాయి. సంచి కింద పెట్టిన చప్పుడు.

'ఉంటాను.'

చప్పట్లు. మేనేజరు కూడా కొట్టాడు. కొట్టి, బోర్డు వైపు చూసి, "ఉండనీలే," అన్నాడు.

జనం వెళ్లిపోయాక మేస్త్రి కూతురి దగ్గరికొచ్చాడు. చెవులు పోయినవాళ్లకు ఉండే పెద్ద గొంతుతో అన్నాడు.

"తల్లీ, ఆ బోర్డు ఆరిపోయినప్పుడు అక్కడ నిజంగా ఎవరూ మాట్లాడలేదు కదూ?"

"లేదు నాన్నా. ఎవ్వరూ."

"నాకు తెలిసింది. ఇన్నాళ్లూ వీళ్లంతా మాట్లాడుతూనే ఉన్నారు, నా ఒక్కడికే వినపడట్లేదు అనుకునేవాణ్ణి. అందరితోపాటు ఊరుకోవడం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది."

తండ్రి చొక్కా ఇస్త్రీ మొత్తం ఆమె తల కింద నలిగిపోయింది.

అప్పుడే మెట్లు దిగి వచ్చిన ఇంజినీరును మేస్త్రి ఎగాదిగా చూశాడు.

"బాబూ, నీ పని బాగుంది. ఒక్క సలహా. ఆ అద్దాల గదిలోంచి మాట బయటికి రాదు, నిజమే. కానీ లోపల దీపాలుంటాయి. పెదాలు బాగా కనపడతాయి."

ఇంజినీరు మొహంలో రంగులు మారాయి. మేఘానికి కూడా అన్ని రంగులు వెయ్యలేదు.

"మే... మేస్త్రిగారూ..."

"రోజూ చూస్తున్నాను. ఆ సెలవు అర్జీ లాంటిది బాగాలేదు. ఆ చివరిది ఫరవాలేదు. నా కుంచె కూడా పడిపోయింది."

"ఏంటి నాన్నా? ఏం చెప్పాడు?" అంది గుసగుస.

"నేను చెప్పను. ఎవరి మాట వాళ్లే చెప్పాలి. మరిచిపోతే అందించడానికి నువ్వున్నావుగా! నాకేం అభ్యంతరం లేదు. ఈసారి మేఘం రంగు కారితే మాత్రం వాడే మళ్లీ వెయ్యాలి."

ఇంజినీరు నోరు తెరిచాడు. మూశాడు. అద్దాల గదిలో అన్నిసార్లు అప్పజెప్పిన మాట ఒక్క అక్షరం కూడా గుర్తులేదు. గుసగుస అతని వంక చూసింది. ఆ చూపులో తెలియనిదేమీ లేదు. తెర చాటున నిలబడినట్టు కొంచెం పక్కకు జరిగి, అతని చెవికి మాత్రమే అందేలా గుసగుసలాడింది.

"నువ్వంటే..."

"నువ్వంటే," అన్నాడు ఇంజినీరు.

"నాకు..."

"నాకు..."

ఆమె ఆపేసింది. అతను ఆమె వైపు దీనంగా చూశాడు.

"మిగతాది అందించను," అంది. "ఇక్కడ ఖాళీ నాది. కావాలని పెట్టాను."

ఇంజినీరు ఈసారి ఆ ఖాళీని దాటెయ్యలేదు. ఆమె కళ్లు చూశాడు, భుజం చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆమెకు మాత్రమే వినపడేలా మిగతా మాట చెప్పాడు. ఆమె ఏదో అంది. అతను ఇంకేదో అన్నాడు.

"ఒరేయ్," అంది వెనకనుంచి పెద్ద గొంతు, "ఇద్దరూ ఇటు తిరిగి మాట్లాడండి. నాకు కనపడట్లేదు!"